అమ్మ ఒడి: రాత్రి విమానంలో పసిబిడ్డ నిద్ర



ఈ నెల విషయాన్ని మన సంఘాల్లోని అమ్మమ్మలు, నానమ్మలే ఇచ్చారు. కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు, భద్రాచలం, దుమ్ముగూడెం, ఎక్కడికి వెళ్లినా ఆరాధన ముగిశాక ఎవరో ఒక తల్లి దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్న ఇది. "అల్లుడు ముందే వెళ్లిపోయాడమ్మా. ఇప్పుడు అమ్మాయికి కూడా వీసా వచ్చింది. ఏడాది బిడ్డను ఎత్తుకొని ఒక్కతే పోవాలి. మా ఇంట్లో విమానం ఎక్కిన వాళ్లెవరూ లేరు. రాత్రంతా బిడ్డ నిద్రపోతుందా? ఏడిస్తే ఏం చేస్తుంది?" ఒకరి కూతురు అమెరికాకు, ఒకరి కోడలు దుబాయికి, మరొకరి మనవరాలు కువైట్‌కు. దేశాలు వేరైనా దిగులు ఒక్కటే.

ఆ మాట పూర్తి కాకముందే పక్కనున్న వారెవరో సలహా ఇస్తారు. "జలుబు మందు ఒక చెంచా పోస్తే సరి. దిగేదాకా లేవదు." చెప్పేవారు మంచి మనసుతోనే చెబుతారు. అయినా అది ప్రమాదకరమైన సలహా. బిడ్డ నిద్రకు మందు అక్కర లేదు. ఇంటి దగ్గర బిడ్డ ఏ అలవాటుతో నిద్రపోతుందో ఆ అలవాటును మూటగట్టుకొని వెంట తీసుకుపోవాలి. ఈ నెల మనం నేర్చుకోవలసిన సంగతి ఇదే.

రాత్రి ప్రయాణం మనకు కొత్త కాదు

1912లో వి.ఎస్. అజరయ్య గారు డోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకం పొందిన రోజుల్లో, మన పల్లెల్లో ఊరి నుండి ఊరికి పోవాలంటే కాలినడక, లేకుంటే ఎడ్లబండి. భద్రాచలం వైపు వారికి గోదావరి మీద పడవ. రాత్రంతా బండి సాగుతుంటే, పరచిన గడ్డి మీద అమ్మ పాత చీర కప్పుకొని పిల్లలు నిద్రపోయేవారు.

నేటికీ మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుండి మన వైపు వచ్చే కూలి తల్లులను చూడండి. చేను గట్టున చెట్టు కొమ్మకు చీరతో ఉయ్యాల కడతారు. ఊరు కొత్త, చేను కొత్త, చుట్టూ వినబడే భాష కొత్త. అయినా ఆ ఉయ్యాలలో బిడ్డ హాయిగా కన్ను మూస్తుంది. ఎందుకంటే ఆ చీర అమ్మది, ఆ పాట అమ్మది, ఊపే చెయ్యి తెలిసిన చెయ్యి. పసిబిడ్డకు ఇల్లంటే గోడలు, పైకప్పు కావు. అమ్మ వాసన, అమ్మ గొంతు, రోజూ ఒకే వరుసలో జరిగే నాలుగు పనులు. ఇవి ఉన్నచోటల్లా బిడ్డకు ఇల్లే.

యోసేపు రాత్రివేళ లేచి శిశువును, తల్లిని వెంటబెట్టుకొని ఐగుప్తుకు బయలుదేరిన సంగతి మత్తయి సువార్త 2వ అధ్యాయంలో చదువుతాము. మన ప్రభువు కూడా పసితనంలో రాత్రి ప్రయాణం చేశాడు. బిడ్డను హత్తుకొని పరాయి దేశం పోయే తల్లి గుండెదడ ఆయనకు తెలియనిది కాదు.

రెండు రాత్రులు చెడనివ్వవద్దు

భద్రాచలం నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. కొందరు రాత్రి బస్సులో పోతారు. కొందరు కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్డు స్టేషనులో రైలెక్కి డోర్నకల్ మీదుగా సికింద్రాబాదు చేరుతారు. అక్కడి నుండి శంషాబాదు విమానాశ్రయానికి మరో ప్రయాణం. గల్ఫ్ వైపు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయలుదేరుతాయి. దుబాయి సుమారు నాలుగు గంటలు. అమెరికాకు పోయేవారు అక్కడ దిగి, కొన్ని గంటలు కాచుకొని, మరో విమానంలో 14 నుండి 16 గంటలు కూర్చోవాలి.

బస్సు దిగిన రోజు రాత్రే విమానం ఎక్కిస్తే బిడ్డకు వరుసగా రెండు రాత్రుల నిద్ర చెడుతుంది. గనుక వీలైతే ఒకటి రెండు రోజుల ముందే హైదరాబాదు చేరి, బంధువుల ఇంట్లోనో తెలిసిన సంఘస్థుల ఇంట్లోనో ఆగండి. బిడ్డ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి విమానం ఎక్కాలి.

"పగలంతా నిద్రపోనివ్వకుండా ఆడిస్తే రాత్రి విమానంలో మొద్దు నిద్ర పోతుంది" అని మరికొందరు చెబుతారు. ఇది పొరపాటు. అతిగా అలసిన బిడ్డ నిద్రపోదు, చిరాకుపడి ఏడుస్తుంది. పెండ్లింట్లో అర్ధరాత్రి దాటేదాకా మేలుకొన్న పిల్లలు ఎంత పేచీ పెడతారో మనమందరం చూసినదే. మధ్యాహ్నం కునుకు మానిపించవద్దు. సాయంత్రం కూడా వేళకే పడుకోబెట్టి, నిద్రలోనే ఎత్తుకొని కారెక్కండి.

రెండు వారాల ముందు నుండి

బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు నుండి బిడ్డ నిద్రకు ఒక వరుస ఏర్పరచండి. ముఖం, కాళ్లు చేతులు గోరువెచ్చని నీళ్లతో తుడవడం. బట్టలు మార్చడం. పాలివ్వడం. దీపం తగ్గించడం. బిడ్డ తలమీద చెయ్యి పెట్టి రెండు మాటల ప్రార్థన. ఆపైన ఒకే పాట. ప్రతి రాత్రి ఇదే వరుస, ఇదే పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో మీకు నోటికి వచ్చిన ఏ పాటైనా సరే, నెమ్మదిగా పాడదగినది ఒకటి ఎంచుకోండి. అది ఉయ్యాల పాట కానవసరం లేదు. పది పదిహేను రోజులు గడిచేసరికి ఆ పాట ఎత్తుకోగానే బిడ్డ కళ్లు బరువెక్కుతాయి. విమానంలో నీళ్ల తొట్టి ఉండదు, దీపం మన చేతిలో ఉండదు. కానీ తడిగుడ్డతో ముఖం తుడవవచ్చు, ప్రార్థన చేయవచ్చు, చెవి దగ్గర మెల్లగా పాడవచ్చు. బిడ్డకు ఆ ఆనవాలు చాలు.

అమ్మమ్మలకు ఒక మాట. మీ మెత్తటి పాత నూలు చీర ఒకటి చింపి, బిడ్డకు కప్పే దుప్పటిగా కుట్టివ్వండి. ఈ రెండు వారాలు రోజూ అదే కప్పండి. ప్రయాణం ముందు దాన్ని కొత్త సబ్బుతో ఉతకవద్దు. ఆ గుడ్డకు పట్టిన ఇంటి వాసన బిడ్డకు ధైర్యం. కొన్న బొమ్మలన్నిటికంటె ఇది మంచి బహుమానం.

చేతి సంచిలో ఏముండాలి

పెద్ద పెట్టె విమానం అడుగుకు పోతుంది, దిగేదాకా చేతికి రాదు. గనుక చేతి సంచిలో సరిపడా డైపర్లు, రెండు జతల బట్టలు, తల్లికి కూడా మార్చుకోవడానికి ఒక జత, ఉన్ని టోపీ, మేజోళ్లు, తడిగుడ్డలు, మురికి గుడ్డలు వేయడానికి ప్లాస్టిక్ సంచులు పెట్టుకోవాలి. విమానంలో చలిగా ఉంటుంది. చలికి వణికే బిడ్డ, తడిసిన బిడ్డ నిద్రపోదు.

చేతి సామానులో నీళ్లు, ద్రవాలు ఎక్కువ తీసుకుపోనివ్వరని విని కొందరు బిడ్డ పాలు కూడా పారబోస్తారు. అలా చేయనక్కర లేదు. పసిపిల్లల పాలకు, ఆహారానికి ప్రయాణానికి కావలసినంత మేరకు అనుమతి ఉంది. తనిఖీ దగ్గర సంచిలోంచి తీసి చూపించి, బిడ్డ కోసమని చెప్పాలి. విమానం లోపలి గాలి చాలా పొడిగా ఉంటుంది. గనుక పాలు తాగే బిడ్డకు మాటిమాటికి పాలివ్వాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు నీళ్లు కూడా కొంచెం కొంచెం తాగించాలి. తల్లి కూడా నీళ్లు తాగాలి.

విమానంలో కూడా ఉయ్యాల ఉంటుంది

రెండేళ్లలోపు బిడ్డకు వేరే సీటు కొనకపోతే, తల్లి ఒడిలోనే కూర్చోవాలి. విదేశీ ప్రయాణంలో అందుకు సాధారణంగా పెద్దల టికెట్టులో పదో వంతు వరకు తీసుకుంటారు. అయితే పెద్ద విమానాల్లో కొన్ని ముందు వరుస సీట్ల ఎదుట గోడకు తగిలించే చిన్న తొట్టి ఉంటుంది. దాన్ని బాసినెట్ అంటారు. మన ఉయ్యాల వంటిదే, ఊగదు అంతే. ఇవి కొన్నే ఉంటాయి గనుక టికెట్టు కొన్న రోజే అడిగి రాయించుకోవాలి. ఎక్కే రోజు అడిగితే దొరకకపోవచ్చు. సాధారణంగా 10, 11 కిలోల బరువు దాటిన బిడ్డకు ఇవ్వరు. ఈ లెక్క ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధంగా ఉంటుంది. ముందుగా అడిగి తెలుసుకోండి.

తొట్టిలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. వెలుతురు తగలకుండా ముఖం మీద గుడ్డ కప్పవద్దు, ఊపిరి ఆడదు. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు, గాలిలో కుదుపులు వచ్చినప్పుడు బిడ్డను తీసి ఒడిలో పెట్టుకొమ్మని చెబుతారు. నిద్ర చెడుతుందని విసుక్కోవద్దు, అది బిడ్డ ప్రాణం కోసమే.

తొట్టి దొరకని తల్లి ఒడిలోనే పడుకోబెట్టుకోవాలి. అప్పుడు ఒక జాగ్రత్త. తల్లికి గాఢనిద్ర పట్టి, బిడ్డ ముఖం ఆమె శరీరానికీ సీటుకూ మధ్య నొక్కుకుపోయే ప్రమాదముంది. ఇద్దరు పెద్దలుంటే ఒకరు నిద్రపోగా ఒకరు మేలుకోవాలి. తల్లి ఒక్కతే ఉంటే, బిడ్డ నిద్రపోయిన వేళ ఎయిర్ హోస్టెస్‌ను పిలిచి, అప్పుడప్పుడు వచ్చి చూడమని అడగవచ్చు. అడగడానికి సిగ్గుపడవద్దు, అది వారి పనిలో భాగమే. సీట్ల మధ్య నేల మీద మాత్రం పడుకోబెట్టకూడదు.

చెవినొప్పిని ముందే కనిపెట్టాలి

నిద్రపోతున్న బిడ్డ ఉన్నట్టుండి కెవ్వుమని లేచిందంటే చాలాసార్లు కారణం చెవినొప్పి. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి మాత్రం 6,000 నుండి 8,000 అడుగుల కొండమీద ఉన్నట్టుగా ఉంటుంది. అంటే మనం ఊటీలో కూర్చున్నట్టే. విమానం కిందికి దిగుతుంటే ఆ గాలి ఒత్తిడి పెరిగి చెవి లోపల లాగినట్టవుతుంది. పెద్దలం గుటక వేస్తే చెవి తెరుచుకుంటుంది. బిడ్డకు ఆ ఉపాయం తెలియదు.

గనుక విమానం లేచేటప్పుడు, అంతకంటె ముఖ్యంగా దిగడం మొదలైనప్పుడు, బిడ్డకు పాలివ్వాలి. పెద్ద పిల్లలకు గుక్కగుక్కగా నీళ్లు తాగించాలి, లేదా నమలడానికి బిస్కెట్టు ఇవ్వాలి. గుటక వేసిన ప్రతిసారి చెవి సర్దుకుంటుంది. దిగడం సాధారణంగా నేల తాకడానికి అరగంట ముందే మొదలవుతుంది. బిడ్డకు గట్టి జలుబు గానీ, చెవిలో చీము గానీ ఉంటే బయలుదేరకముందే డాక్టరుకు చూపించాలి.

మందు పోయవద్దు

నిద్ర కోసం బిడ్డకు మత్తు పెట్టడం పాత అలవాటే. ఒకప్పుడు బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు షిఫ్టుకు పోతూ చంటిపిల్లలకు నల్లమందు ఉండలు పెట్టేవారు. ఇంగ్లండులో కూడా 19వ శతాబ్దంలో నల్లమందు కలిపిన సిరప్పులు పిల్లల మందుగా అంగళ్లలో అమ్మేవారు. బిడ్డ ఊరుకున్నదని తల్లి అనుకునేది. కొందరు పిల్లలు మళ్లీ లేవలేదు. ఆ తల్లులు దుర్మార్గులు కారు. పేదరికంలో వారికి మరో దారి కనబడలేదు. మనకు ఈ రోజు తెలిసిన సంగతి వారికి తెలియదు.

నేడు నల్లమందు పోయి, జలుబు సిరప్ వచ్చింది. జలుబు మందులో, అలర్జీ మందులో మగత కలిగించే పదార్థం ఉంటుంది. అది మెదడును మందగింపజేస్తుంది. చిన్నబిడ్డలో ఊపిరిని కూడా మందగింపజేయగలదు. పైగా విమానంలో గాలి పలుచన. కొందరు పిల్లలకు ఇదే మందు తిరగబడి, నిద్రకు బదులు పిచ్చి చిరాకు పుట్టిస్తుంది. అప్పుడు ఆకాశంలో డాక్టరు దొరకడం కష్టం.

ఇది మా సొంత మాట కాదు. ప్రొమెథజిన్ అనే మందు ఊపిరి ఆగేంత ప్రమాదం తెస్తుందని, రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని అమెరికాలో 2004లోనే మందు పత్రంలో హెచ్చరిక చేర్చారు. మన దేశంలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో ఔషధ నియంత్రణ అధికారులు కంపెనీలను ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషపదార్థం కలిసిన దగ్గు మందు తాగిన పలువురు పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. వారంతా దగ్గు తగ్గాలని ఆ మందు తాగినవారే. జబ్బేమీ లేని బిడ్డకు, కేవలం నిద్ర కోసం, అటువంటి సీసా మూత తీయడం ఎందుకు?

బ్రాందీ చుక్కలు, పెద్దల నిద్రమాత్రలో చిన్న ముక్క, పై దేశాల్లో దొరికే నిద్ర గోళీలు, వీటికీ ఇదే మాట. డాక్టరు బిడ్డను చూసి, రాసిచ్చిన మందు అయితే చీటీతో సహా వెంట ఉంచుకోండి. జ్వరం మందు కూడా ఎంత ఇవ్వాలో బిడ్డ బరువును బట్టి ముందే రాయించుకోండి.

ఏడిస్తే ఏడవనివ్వండి

అన్నీ సరిగా చేసినా బిడ్డ ఏడవవచ్చు. చుట్టూ మూడు వందల మంది. కొందరు వెనక్కి తిరిగి చూస్తారు. మొదటిసారి విమానం ఎక్కిన పల్లె తల్లికి ఆ చూపులు ముళ్లలా గుచ్చుకుంటాయి. ఆమెకు సిగ్గు, సిగ్గు వెంట కంగారు. ఆ కంగారు ఒడిలోని బిడ్డకు సోకి ఏడుపు రెట్టింపవుతుంది. మందు సీసా మీదికి చెయ్యి పోయేది సరిగ్గా ఈ గడియలోనే.

అటువంటి తల్లి నిర్గమకాండము 2వ అధ్యాయాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. మోషే తల్లి మూడు నెలల బిడ్డ కోసం జమ్ముపెట్టె సిద్ధం చేసింది. నీళ్లు చొరకుండా దానికి కీలు పూసింది. తన చేతనైన జాగ్రత్త అంతా తీసుకొని, ఆపైన దేవుని చేతికి అప్పగించింది. అక్క దూరాన నిలిచి కనిపెట్టింది. పెట్టె తెరిచినప్పుడు బిడ్డ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు విని రాజకుమార్తె విసుగుకోలేదు, కనికరపడింది. బిడ్డ ఏడుపు దేవుడు పెట్టిన పిలుపు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

గనుక అమ్మా, బిడ్డ ఏడిస్తే ముందు నీవు నెమ్మదిగా ఊపిరి పీల్చుకో. తడిసిందేమో, ఆకలేమో, చలేమో, చెవేమో వరుసగా చూడు. సీటుబెల్టు గుర్తు ఆరిపోయి ఉంటే భుజాన వేసుకొని నడవలో నాలుగు అడుగులు తిరుగు. పాలివ్వు, పాట ఎత్తుకో. పదిహేను నిమిషాలు పట్టవచ్చు, గంట పట్టవచ్చు. బిడ్డ ఊరుకుంటుంది. మధ్యలో దిగే విమానాశ్రయంలో, నడిచే వయసు బిడ్డను కాసేపు నడవనివ్వు, పరుగెత్తనివ్వు. కాళ్లు ఆడిన బిడ్డకు తరువాతి విమానంలో నిద్ర త్వరగా పడుతుంది.

దిగిన తరువాత

గమ్యం చేరాక కూడా వారం రోజులు నిద్ర తారుమారుగా ఉంటుంది. చలికాలంలో అమెరికాలోని డల్లాస్ గడియారం మనకంటె పదకొండున్నర గంటలు వెనుక. అంటే పగలు రాత్రి తలకిందులు. అర్ధరాత్రి బిడ్డ లేచి ఆడుకుంటానంటే అది జబ్బు కాదు. పగలు ఎండలోకి తీసుకుపోయి, రాత్రి దీపం తగ్గించి, ఇంటి దగ్గర నేర్పిన వరుసనే మళ్లీ పాటిస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

ఇక్కడ అమ్మమ్మల వంతు సహాయం మరొకటి ఉంది. ఉదయ ప్రార్థన ముగించుకొని ఎనిమిదిన్నరకు మీరు వీడియో కాల్ చేస్తే అక్కడ రాత్రి తొమ్మిది. అప్పుడే కన్ను మూసిన బిడ్డ మీ గొంతు విని లేచి కూర్చుంటుంది. సాయంత్రం ఏడింటికి చేయండి. అక్కడ ఉదయం ఏడున్నర. బిడ్డ నవ్వుముఖం చూడవచ్చు.

సంఘానికి ఒక మాట

ప్రయాణమయ్యే కుటుంబం కోసం ఆదివారం నిలబెట్టి ప్రార్థన చేయడం మన సంఘాల్లో మంచి వాడుక. దానితోపాటు ఒక పని చేయండి. సంఘంలో ఇంతకుముందు బిడ్డతో విమానం ఎక్కి వచ్చిన సహోదరి ఎవరైనా ఉంటే, ఒక సాయంత్రం ఆమెను ఈ చిన్న తల్లి దగ్గర కూర్చోబెట్టండి. టికెట్టు మీద ఏముంటుందో, ఎక్కడ తనిఖీ చేస్తారో, తొట్టి ఎలా అడగాలో ఆమె చెబుతుంది. భయం సగం అక్కడే పోతుంది.

తండ్రులు కూడా వినాలి. తొట్టి కోసం రాయించడం, ఇద్దరూ కలిసి వెళ్తుంటే రాత్రి సగం బిడ్డను ఎత్తుకోవడం తండ్రి పని. ముందే వెళ్లి అక్కడ ఎదురుచూసే తండ్రి, ఒకరోజు సెలవు పెట్టి, అలసి వచ్చిన తల్లిని నిద్రపోనివ్వాలి.

ఇక బస్సులోగాని, రైలులోగాని, విమానంలోగాని మన పక్క సీటులో ఏడ్చే బిడ్డతో ఒక తల్లి కూర్చుంటే, ఆమె ఏ మతమైనా, ఏ కులమైనా, ఏ భాష అయినా, ముఖం తిప్పుకోవద్దు. "ఇటివ్వమ్మా, కాసేపు నేను ఎత్తుకుంటాను" అనే ఒక్క మాట చాలు. మోషే అక్కలా కనిపెట్టి నిలిచే భాగ్యం ఆ రాత్రి మనది.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, ఈ నెలలో బిడ్డలను ఎత్తుకొని దూరదేశం బయలుదేరే తల్లులను నీ చేతికి అప్పగిస్తున్నాము. వారి భయం తీసివేయుము. పసిబిడ్డలకు మంచి నిద్ర దయచేయుము. వారి చుట్టూ కూర్చున్న వారి హృదయాలను మెత్తబరచుము. ఇక్కడ గడప దగ్గర నిలిచి చూసే అమ్మమ్మలను, నానమ్మలను ఆదరించుము. పసిబిడ్డగా రాత్రి ప్రయాణం చేసిన మా ప్రభువైన యేసు నామములో వేడుకొనుచున్నాము. ఆమేన్.